పాత జపాన్ బండిని ఇంట్లోనే బాగుచేసుకోవడం: ముందు నడవాలి, గ్రైండర్ సంగతి తర్వాత

1970ల నాటి హోండా సీబీ750నో, యమహా ఎక్స్‌ఎస్650నో, ఆర్‌డీ350నో ఎక్కడో షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నది చేతికి దొరికితే చాలామంది మొదట అందుకునేది ఇనుము కోసే గ్రైండర్. వెనక ఫ్రేమ్ కోసెయ్యడం, మడ్‌గార్డులు పీకెయ్యడం, పల్చటి సీటు ఒకటి పెట్టి ఫొటో దిగడం. కొన్నాళ్ళకి అదే బండి "ప్రాజెక్టు బండి, 90 శాతం పని అయిపోయింది" అని అమ్మకానికి వస్తది, ఆ మిగిలిన 10 శాతంలో ఇంజనూ వైరింగూ బ్రేకులూ ఉంటాయి. అందుకే నేను చెప్పే వరస వేరు. బండి ఎంత వికారంగా ఉన్నా సరే ఉన్నది ఉన్నట్టుగా ముందు స్టార్ట్ అవ్వాలి, తర్వాత బ్రేక్ వేస్తే ఆగాలి, తర్వాత కొన్నాళ్ళు రోడ్డు మీద తిరగాలి, ఆ తర్వాతే విప్పదీసి రంగులూ మార్పులూ. కోసి రంగేసి కొత్త వైరింగ్ లాగి బిగించాక స్టార్ట్ అవ్వలేదనుకోండి, అది బండికి ముందునుంచీ ఉన్న జబ్బా, మనం పెట్టిన జబ్బా అన్నది ఎవడూ తేల్చలేడు.

ఇంకా కొనకపోతే ఒక మాట. నడవకపోయినా పార్టులన్నీ ఉన్న బండి, సగం పార్టులు మాయమైపోయి నడుస్తున్న బండి కంటే నయం. గాస్కెట్లు, రింగులు, కేబుళ్ళు, జెట్లు (కార్బురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి ముక్కలు), పాయింట్స్ (తెరుచుకుని మూసుకుని స్పార్క్ ఇప్పించే స్విచ్), బ్రేక్ షూలు పేరున్న మోడల్స్‌కి ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. కష్టమల్లా ఒరిజినల్ సైలెన్సర్లు, సైడ్ కవర్లు, సొట్టల్లేని ట్యాంకు, సీటు కింద రేకు, హ్యాండిల్ మీది స్విచ్చులు, వీటితోనే. ఫ్రేమ్ నంబరు హ్యాండిల్ కింద మెడ దగ్గర పంచ్ చేసి ఉంటది, ఇంజన్ నంబరు కేసు మీద, రెండూ కాగితాలతో సరిచూసుకోండి. హోండాల్లో ఆ రెండు నంబర్లూ ఫ్యాక్టరీ నుంచే వేరువేరుగా వచ్చేవి, కాబట్టి కలవలేదని కంగారుపడొద్దు, అదే ఆ కాలం యమహాలో కలవకపోతే మాత్రం ఇంజన్ మార్చారేమో అని అనుమానించాలి. ఇంకోటి, ఆ మోడల్ ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్, పార్టుల బొమ్మల పుస్తకం రెండూ సంపాదించుకున్నాకే పానా పట్టుకోండి. నేను కింద చెప్పే అంకెలు ఒక అందాజుకే, మీ బండి అంకె మీ మాన్యువల్లోనే ఉంటది.

స్క్రూల గురించి కొంచెం ఎక్కువే చెప్తా

ఎందుకంటే సగం బండ్లు ఇక్కడే పాడవుతాయి. జపాన్ బండి ఇంజన్ కవర్ల మీద, కార్బురేటర్ మీద ఉండే ప్లస్ స్క్రూలు మామూలు ఫిలిప్స్ స్క్రూల్లాగే కనపడతాయి గానీ అవి ఫిలిప్స్ కాదు, జేఐఎస్ అని జపాన్ వాళ్ళ సొంత కొలత. ఫిలిప్స్ డ్రైవర్ మొన దాంట్లో పూర్తిగా కూర్చోదు, అడుగున తగిలి పక్కలు వదులుగా ఉంటాయి, గట్టిగా తిప్పగానే ఎగిరి పైకి వచ్చేసి గాడి చెరిగిపోద్ది. చాలా జేఐఎస్ స్క్రూల తల మీద ప్లస్ గుర్తుకి ఒక పక్కగా చిన్న చుక్క గుంట ఉంటది, దగ్గరగా చూస్తే కనపడుద్ది. చుక్క లేకపోయినా బండి జపాన్‌దైతే జేఐఎస్ డ్రైవరే వాడండి, మామూలు ఫిలిప్స్ స్క్రూకి కూడా అది బాగానే పడుద్ది.

కవర్ స్క్రూలు ఏళ్ళ తరబడి అల్యూమినియంలో పట్టేసి ఉంటాయి కాబట్టి చేత్తో రావు. సుత్తితో కొడితే కొంచెం తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కొనుక్కోండి, దానికి జేఐఎస్ బిట్ పెట్టి, బిట్టు గాడిలో నిటారుగా కూర్చుందో లేదో చూసుకుని, ఇప్పే దిశలో కొంచెం బిగపట్టి ఒక్క దెబ్బ గట్టిగా. మెత్తగా పది దెబ్బలు వేస్తే గాడి పోద్ది తప్ప స్క్రూ రాదు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే ఇంకా మంచిది, అప్పటికీ రాకపోతే స్క్రూ చుట్టూ కేసుని హీట్ గన్‌తో వేడి చెయ్యండి, అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచిస్తది కాబట్టి పట్టు వదులుద్ది. పెట్రోలు వాసన ఉన్నచోట మాత్రం వేడి పని పెట్టుకోవద్దు.

ఊడిన స్క్రూలన్నీ ఒక డబ్బాలో పొయ్యకండి. ఒకే కవర్‌కి పొడుగుపొట్టి స్క్రూలు కలిసి ఉంటాయి, పొట్టిది పెట్టాల్సినచోట పొడుగుది పెట్టి బిగిస్తే లోపల తగిలి కేసు పగులుద్ది, పొడుగుది పెట్టాల్సినచోట పొట్టిది పెడితే రెండు మరలే పట్టి అవి ఊడొస్తాయి. ఒక అట్టముక్క తీసుకుని దానిమీద కవర్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడ ఉందో అక్కడే పొడిచి పెట్టండి, అంతే. పైన బండి ముందువైపు ఎటో బాణం గుర్తు వెయ్యండి. బిగించేటప్పుడు 6 ఎంఎం వాటికి 10 న్యూటన్ మీటర్లు దాటక్కర్లేదు. పాత స్క్రూలు బాగా అరిగిపోతే ఆలెన్ బోల్టుల సెట్ వేసుకోవచ్చు, కానీ ఆలెన్ కీతో బలం ఎక్కువ పడుద్ది, మనోళ్ళు మరలు పీకేసేది అక్కడే.

తిరుగుతుందా లేదా

ఏళ్ళుగా ఆగిపోయిన ఇంజన్ మీద ఎక్కి కిక్ కొట్టకండి. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో రెండు మూడు చెంచాల పల్చటి నూనె పోసి ఒక రాత్రి వదిలెయ్యండి. తర్వాత న్యూట్రల్లో పెట్టి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివర నట్టు మీద పానా పెట్టి నిదానంగా తిప్పండి. సీబీ750, సీబీ550 లాంటి వాటిల్లో పాయింట్స్ కవర్ కింద పెద్ద ఆరు పలకల వాషర్ ఉంటది, పానా దానిమీదే పెట్టాలి, మధ్యలో ఉన్న చిన్న బోల్టు మీద పెట్టి తిప్పితే అది పుటుక్కున తెగుద్ది. అస్సలు కదలకపోతే నూనె పోస్తూ రోజూ కొంచెం ముందుకీ వెనక్కీ ఊపుతూ ఉండండి, చాలా ఇంజన్లు అలా వదుల్తాయి. రింగులు తుప్పుతో గట్టిగా అతుక్కుపోయిన ఇంజన్ అయితే హెడ్డూ బ్లాకూ లేపాల్సిందే, అప్పుడు బోరింగ్ (సిలిండర్ కంత పెద్దది చెయ్యడం), ఓవర్‌సైజ్ పిస్టన్ దాకా పోద్ది. ఆ పని లేతు వర్క్‌షాపుది, ఇంట్లో హోనింగ్ బ్రష్‌తో సర్దే రకం కాదు.

తిరిగిందనుకోండి, పాత ఆయిల్ తీసేసి కొత్తది పొయ్యండి. ఈ బండ్లలో క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటది కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్లో మునిగే క్లచ్‌కి సరిపోద్దని జపాన్ వాళ్ళ గుర్తు) అని ఉన్నదే తీసుకోండి, రాపిడి తగ్గించే మందులు కలిపిన కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారుద్ది. ఆ కాలం సీబీ350 లాంటి చిన్న హోండాల్లో కాగితం ఫిల్టరే ఉండదు, కుడి కవర్ లోపల గిర్రున తిరిగే ఒక గిన్నె ఉంటది, మురికంతా దాని గోడకి పేరుకుంటది. దాని మూత తీసి చూడండి, ఎవడూ ముట్టుకోని బండైతే నల్లటి మట్టి ముద్దలా గట్టిపడి ఉంటది, చెక్కపుల్లతో గీకి కిరసనాయిలుతో కడగండి.

తర్వాత కంప్రెషన్ గేజ్, అంటే ప్లగ్గు కంతలో పెట్టి సిలిండర్లో ఒత్తిడి కొలిచే మీటరు. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని కిక్ కొట్టాలి, లేకపోతే గాలి లోపలికి పోదు, అంకె తప్పు చూపిస్తది. ఫోర్ స్ట్రోక్ బండ్లలో సాధారణంగా 120 నుంచి 170 పీఎస్ఐ మధ్య ఉంటే నడిపించొచ్చు, సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా 10, 15 శాతం దాటకూడదు. తక్కువ వస్తే ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూడండి, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. అసలు దానికంటే ముందు ట్యాపెట్స్ (వాల్వుని నొక్కేచోట వదిలే సన్నటి గ్యాప్) చూసుకోండి, గ్యాప్ మూసుకుపోయి వాల్వు సరిగ్గా కూర్చోక కంప్రెషన్ తగ్గడం మామూలే. సీబీ750కి ఇన్‌లెట్ 0.05 ఎంఎం, ఎగ్జాస్ట్ 0.08 ఎంఎం, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆ సిలిండర్ కంప్రెషన్ మీద టీ గుర్తు (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిందని చెప్పే గీత) దగ్గర ఉన్నప్పుడు కొలవాలి.

టూ స్ట్రోక్ అయితే ట్యాపెట్స్ గోల లేదు గానీ దానికి ఇంకో గండం ఉంది, క్రాంక్ సీల్స్. నిలవున్న బండిలో అవి ఎండి గట్టిపడతాయి. పాయింట్స్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి పీల్చుకుని పెట్రోలు, గాలి మిక్చర్ పల్చబడి పిస్టన్ పట్టేస్తది, గేర్‌బాక్స్ వైపుది పోతే గేర్ ఆయిల్ తాగేసి సైలెన్సర్ నుంచి పొగే పొగ. ఆర్‌డీ లాంటి బండి కొంటే సీల్స్ మార్చడం ముందే లెక్కలో వేసుకోండి.

ట్యాంకు, కార్బురేటర్

ట్యాంకు లోపల టార్చ్ వేసి చూడండి. పలుచగా తుప్పు ఉంటే సిట్రిక్ యాసిడ్ గోరువెచ్చటి నీళ్ళలో కలిపి ఒక రోజు నిలవుంచి, తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగితే చాలు. గట్టి తుప్పైతే కరెంటు పద్ధతి: ట్యాంకు నిండా నీళ్ళు, 4 లీటర్లకి ఒక పెద్ద చెంచా లెక్కన వాషింగ్ సోడా, మూత కంతలోంచి మామూలు ఇనపచువ్వ ఒకటి ట్యాంకుకి ఎక్కడా తగలకుండా వేలాడదీసి, బ్యాటరీ చార్జర్ నెగటివ్ ట్యాంకుకీ పాజిటివ్ చువ్వకీ. అటూఇటూ అయితే తుప్పు పోవడం అటుంచి ట్యాంకే కరిగిపోద్ది. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ వాడకండి, దాంట్లోని క్రోమియం విషంగా మారి నీళ్ళలో కలుస్తది. హైడ్రోజన్ వస్తది కాబట్టి ఆరుబయట చెయ్యండి, క్లిప్పు తీసేముందు చార్జర్ ఆపండి. అయ్యాక కడిగి వెంటనే ఆరబెట్టకపోతే మీ కళ్ళముందే మళ్ళీ నారింజ రంగు పట్టేస్తది, అందుకని ఆరగానే కొంచెం ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి అన్ని వైపులా తిప్పండి. లోపల కోటింగ్ పూసే డబ్బాలు దొరుకుతాయి గానీ కన్నాలు పడితే తప్ప వాటి జోలికి పోవద్దు, సరిగ్గా శుభ్రం చెయ్యకుండా పూస్తే అది పొరలు పొరలుగా ఊడి కార్బురేటర్లోకి దిగుద్ది. పెట్రోలు పోసిన ట్యాంకుకి ఇంట్లో వెల్డింగ్ అన్న ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

కార్బురేటర్ విషయంలో నూటికి తొంభై సార్లు జబ్బు ఒకటే, పైలట్ జెట్ (యాక్సిలరేటర్ తిప్పనప్పుడు పెట్రోలు ఇచ్చే సన్నటి జెట్) మూసుకుపోవడం. చోక్ వేస్తే స్టార్ట్ అవుద్ది, చోక్ తీస్తే ఆగిపోద్ది, యాక్సిలరేటర్ తిప్పితే కొంచెం నిలబడుద్ది అంటే అదే. ఊరికే డబ్బా స్ప్రే పైనుంచి కొడితే పోదు, విప్పాలి. విప్పేముందు మిక్చర్ స్క్రూని మెల్లిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి అడుగు తగిలిందో రాసుకోండి. జెట్‌ని తీసి కంటి దగ్గర పెట్టి లైటు వైపు చూడండి, సూదిమొనంత వెలుగు చుక్క గుండ్రంగా, అంచు శుభ్రంగా కనపడాలి. చంద్రవంకలా కనపడినా, మసగ్గా కనపడినా లోపల పాత పెట్రోలు జిగురు ఉన్నట్టే. క్లీనర్లో నానబెట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు తీసి దూర్చి, గాలి కొట్టండి. గుండుసూది, డ్రిల్ బిట్ పెట్టకండి, ఇత్తడి మెత్తన, కంత పెద్దదైతే జెట్ మారిపోయినట్టే లెక్క.

రబ్బరు డయాఫ్రమ్ ఉన్న కార్బురేటర్లు, అంటే సీబీ350లో ఉండే రకం, అయితే క్లీనర్ స్ప్రే ఆ రబ్బరుకి తగలనివ్వకండి, ఉబ్బి ఎందుకూ పనికిరాకుండా పోద్ది. డయాఫ్రమ్‌ని లైటుకి పెట్టి చిన్న కన్నం కూడా లేదని చూసుకోండి. లోపల పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ ఎత్తు మాన్యువల్ ప్రకారం కొలిచి పెట్టండి. ఒరిజినల్ ఇత్తడి జెట్లు బాగుంటే అవే శుభ్రం చేసి వాడండి, చవక కిట్లలో వచ్చే జెట్ల మీద అంకె ఒకటి, లోపల కంత సైజు ఇంకొకటి. కిట్‌లో గాస్కెట్లూ రబ్బరు రింగులూ మాత్రం తీసుకోండి.

కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు బూట్లు గట్టిపడి పగిలి ఉంటాయి, అక్కడ గాలి పీలిస్తే మీరు ఎంత ట్యూనింగ్ చేసినా ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ నడవడం) నిలవదు. బండి ఐడిలింగ్‌లో ఉండగా బూట్ల చుట్టూ కార్బ్ క్లీనర్ కొంచెం చిమ్మి చూడండి, ఇంజన్ చప్పుడు మారితే గాలి అక్కడే పోతుంది. వేడి సైలెన్సర్ పైపు మీద పడితే అంటుకుంటది, జాగ్రత్త.

స్పార్క్

పాయింట్స్ సన్నటి గరుకు కాగితంతో శుభ్రం చేసి, పూర్తిగా తెరుచుకున్నచోట గ్యాప్ 0.3 నుంచి 0.4 ఎంఎం పెట్టండి. టైమింగ్‌కి పెద్ద మెషీన్ అక్కర్లేదు, 12 వోల్టుల చిన్న బల్బు ఒక వైరు పాయింట్స్ టెర్మినల్‌కీ ఇంకోటి ఇంజన్ బాడీకీ పెట్టి, తాళం ఆన్ చేసి, క్రాంక్‌ని మెల్లిగా తిప్పండి. ఎఫ్ గుర్తు (స్పార్క్ రావాల్సిన చోటు) గీతకి ఎదురుగా రాగానే బల్బు వెలగాలి. ముందే వెలిగితే టైమింగ్ అడ్వాన్స్, తర్వాత వెలిగితే రిటార్డ్, ప్లేటు తిప్పి సర్దుకోండి. సీబీ750లో రెండు సెట్లుంటాయి, ఒకటి 1, 4 సిలిండర్లకి, ఇంకోటి 2, 3కి, రెండిటికీ విడివిడిగా చెయ్యాలి. ట్యాపెట్స్, పాయింట్స్, టైమింగ్ అయ్యాకే కార్బురేటర్ల బ్యాలెన్సింగ్ (అన్నీ ఒకేలా తెరుచుకునేట్టు సర్దడం). వరస తిరగేస్తే చేసిన పనే మళ్ళీ చెయ్యాలి.

ఆగకపోతే నడిచి ఏం లాభం

పాత డిస్క్ బ్రేక్ లివర్ వదిలినా పట్టుకునే ఉంటే అందరూ డిస్కుని నొక్కే క్యాలిపర్‌నే అనుమానిస్తారు. లివర్ దగ్గర ఫ్లూయిడ్ నెట్టే మాస్టర్ సిలిండర్ అడుగున రెండు కంతలుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి వెంట్రుక దూరేంత సన్నది. ఆ సన్నది మూసుకుపోతే ఫ్లూయిడ్ వెనక్కి రాలేదు, బ్రేకు అలాగే ఉండిపోద్ది. దాన్ని కూడా ఒక్క రాగి పోగుతోనే తెరవండి. క్యాలిపర్లో పిస్టన్ పట్టేస్తే గాలి కొట్టి తియ్యకండి, తుపాకీ గుండులా ఎగిరి వేళ్ళకి తగులుద్ది, బ్లీడ్ నిపుల్ కంతలోంచి గ్రీజు గన్‌తో నెట్టండి, నెమ్మదిగా బయటికి వస్తది. పిస్టన్ మీద గుంటలు పడితే కొత్తదే వెయ్యాలి. సీల్స్ బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే తడిపి ఎక్కించండి, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుద్ది. పాత రబ్బరు హోసులు పారేసి స్టీలు జాలీ హోసులు వెయ్యండి, ఈ బండ్లకి బ్రేకుల్లో వెంటనే తేడా తెలిసే మార్పు అదే. ఫ్లూయిడ్ ట్యాంకు మీద పడితే పెయింటు లేస్తది, పాత గుడ్డలు కప్పుకోండి. డ్రమ్ బ్రేకులైతే లోపలి దుమ్ము గాలితో ఊదకండి, పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.

టైర్లు చూడ్డానికి ఎంత బాగున్నా పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగంకెల గుర్తే లేకపోతే 2000కి ముందువని అర్థం, మారు మాట లేకుండా పారెయ్యండి. ముందు చక్రం నేలకి తగలకుండా లేపి హ్యాండిల్ అటూఇటూ తిప్పండి, మధ్యలో టక్కున ఆగినట్టు అనిపిస్తే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) కప్పుల్లో బాల్స్ వల్ల గుంటలు పడ్డట్టు. విడి బాల్స్ బదులు టేపర్ రోలర్ బేరింగులు వేసుకోవడం మంచి మార్పు. వెనక చక్రం పట్టుకునే స్వింగ్ ఆర్మ్ పక్కలకి ఊగితే దాని బుష్‌లు అరిగినట్టు. ఫోర్క్ రాడ్ల మీద క్రోమ్ లేచిపోయి గుంటలుంటే కొత్త సీలు వేసినా నిలవదు.

వైరింగ్: కత్తిరించేముందు రంగులు చదవండి

ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. హోండాలో పచ్చ వైరు ఎర్త్, ఎరుపు బ్యాటరీ నుంచి నేరుగా, నలుపు తాళం తిప్పాక కరెంటు వచ్చేది. యమహాలో నలుపు ఎర్త్, తాళం తిప్పాక వచ్చేది గోధుమ రంగు. సుజుకీలో ఎర్త్ నలుపు మీద తెలుపు చార, తాళం తర్వాతది నారింజ. నలుపంటే ఎర్తే కదా అని హోండా మీద చెయ్యి పెడితే ఫ్యూజు పోద్ది, ఫ్యూజు బదులు ఎవరైనా సిగరెట్ రేకు చుట్టి ఉంటే వైరింగే కాలుద్ది. అలా చుట్టిన బండ్లు చాలానే ఉన్నాయి, కాబట్టి ముందు ఫ్యూజు పెట్టె తెరిచి చూడండి, గాజు ఫ్యూజు తీసేసి బ్లేడు ఫ్యూజుకి మారండి.

కొత్త వైరింగ్ మొత్తం లాగాలనే ఉత్సాహం ఆపుకోండి. చాలాసార్లు రాగి బాగానే ఉంటది, పోయేది బుల్లెట్ కనెక్టర్లు (ఒకదాంట్లో ఒకటి దూర్చే గుండ్రటి వైరు కొసలు), లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ఒక్కోటీ లాగి గీకి మళ్ళీ నొక్కుతూ పోతే సగం లైట్లు అవే వెలుగుతాయి. మిగిలిన సగానికి ఎర్త్ చూడండి. బ్యాటరీ చార్జై ఊరికే ఉంటే 12.6 వోల్టులు, ఇంజన్ కొంచెం స్పీడులో ఉంటే 14 దగ్గరికి రావాలి. ఐడిలింగ్‌లో పెరగకపోతే కంగారొద్దు, ఆ కాలం ఆల్టర్నేటర్లు ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ చార్జ్ చెయ్యవు.

ఇప్పుడు మార్పులు

ఇక్కడిదాకా వచ్చి కొన్నాళ్ళు తిప్పాక బండికి నిజంగా ఏం కావాలో మీకే తెలుస్తది. మెత్తగా ఊగిపోతున్న ఫోర్క్ స్ప్రింగులు, పల్చటి బ్రేకు, మసక హెడ్‌లైటు, ఇవే అసలు అడ్డం పడేవి, కొత్త సీటు తర్వాత సంగతి. పాయింట్స్ బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే నెలనెలా గ్యాప్ సర్దే పని తప్పుద్ది, కానీ బ్యాటరీ వీకైతే అది పాయింట్స్ కంటే ముందు మొండికేస్తది, అందుకని చార్జింగ్ సరిచేశాకే పెట్టండి. లిథియం బ్యాటరీ తేలికే గానీ చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే పాత మెకానికల్ రెగ్యులేటర్ ఉన్నంతకాలం పెట్టొద్దు, వోల్టేజీ అదుపు తప్పితే అది తట్టుకోదు.

ఎల్ఈడీ ఇండికేటర్లు పెడితే ఫ్లాషర్ రిలే కూడా ఎలక్ట్రానిక్‌ది మార్చాలి, లేకపోతే గబగబా కొట్టుకుంటాయి లేదా అసలు వెలగవు. ఇంకో విచిత్రం, ఎడమది వేస్తే నాలుగూ వెలుగుతాయి. మీటర్లో ఇండికేటర్ గుర్తు బల్బు ఒక్కటే ఉన్న బండ్లలో ఆ బల్బు ఎడమ కుడి వైర్ల మధ్య కట్టి ఉంటది, ఎల్ఈడీకి కరెంటు కొంచెం చాలు కాబట్టి బల్బు గుండా అటు వైపుకీ పోద్ది. రెండు వైపుల నుంచీ ఒక్కో డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పెట్టి బల్బు రెండో కాలు ఎర్త్ చేస్తే సరిపోద్ది.

ఎయిర్‌బాక్స్ (గాలి ఫిల్టరు పెట్టె) తీసేసి గుండ్రటి పాడ్ ఫిల్టర్లు పెట్టడం అందరికీ మోజు. నా మాట వింటే ఎయిర్‌బాక్స్ ఉంచండి. డయాఫ్రమ్ కార్బురేటర్లకి స్లైడ్ (లోపల పైకీ కిందికీ కదిలే తలుపు) లేవాలంటే లోపలికొచ్చే గాలి స్థిరంగా ఉండాలి, పాడ్స్ పెడితే మధ్య స్పీడులో ఎక్కడో చచ్చినట్టు ఆగుద్ది, జెట్లు మారుస్తూ కూర్చోవాలి. సైలెన్సర్ మార్చినా మెయిన్ జెట్ ఒక్కో సైజే పెంచుతూ ప్లగ్గు రంగు చూసుకుంటూ పోవాలి, ఒకేసారి రెండు మార్పులు చెయ్యకండి. పైపులకి చుట్టే గుడ్డ అందంగానే ఉంటది, వాన తడి పట్టి ఉంచి లోపల పైపుని తినేస్తది.

ఫ్రేమ్ కొయ్యాలంటే ముందు షాకప్స్ నుంచి స్ప్రింగులు తీసి మళ్ళీ బిగించి, వెనక చక్రాన్ని చేత్తో చివరిదాకా పైకి లేపి చూడండి. టైరు ఎక్కడిదాకా వస్తుందో అక్కడి నుంచి పైన ఖాళీ కొలుచుకోండి, ఆ ఖాళీ చాలకపోతే గుంతలో పడ్డప్పుడల్లా టైరు సీటుని కొరుకుద్ది. షాకప్ మౌంట్ దగ్గర కోత పెట్టొద్దు, దానికి వెనకే. వెనక లూప్ (కోసినచోట పెట్టే వంపు పైపు) అతికేచోట లోపల పైపు ముక్క దూర్చి వెల్డింగ్ చేయించండి, వెల్డింగ్ మీకు చేతనైతే తప్ప అది తెలిసినవాళ్ళ పని. పొడుగు షాకప్స్ వేసి వెనక లేపితే హ్యాండిల్ చురుకవుద్ది, మరీ లేపితే స్పీడులో వణుకుద్ది, స్టాండు కూడా పొట్టిదైపోద్ది. ఫోర్క్ రాడ్లకే బిగించే క్లిప్ ఆన్ హ్యాండిల్ పెడితే రెండు వైపులా పూర్తిగా తిప్పి వేళ్ళు ట్యాంకుకి నలగట్లేదా, కేబుల్ లాక్కుపోయి యాక్సిలరేటర్ దానంతట అది పెరగట్లేదా చూడాలి. మీ దగ్గర ఏ మార్పు చట్టానికి ఒప్పుద్దో కోతకి ముందే కనుక్కోండి. తీసిన ఒరిజినల్ పార్టులు ఒక్కటి కూడా పారెయ్యకండి.

పౌడర్ కోటింగ్‌కి ఇచ్చేముందు మరలు, బేరింగ్ కప్పులు, ఫ్రేమ్ నంబరు మీద టేపు వేయించండి. నంబరు మీద మందంగా పడితే రేపు ఎవడికీ కనపడదు. ఇంజన్ మౌంట్ల దగ్గర, ఎర్త్ వైరు బోల్టు దగ్గర రంగు గీకి ఇనుము బయటపెట్టండి, రంగేశాక లైట్లు వెలగట్లేదు అనే బండ్లలో చాలావాటికి కారణం ఇదే. ఇంజన్‌ని మాత్రం ఇసుక బ్లాస్టింగ్‌కి ఇవ్వొద్దు, ఎంత మూసినా ఒక్క రేణువు లోపలికి పోతే బేరింగ్ తినేస్తది. హోండా కవర్ల మీద ఫ్యాక్టరీ వార్నిష్ పొర ఉంటది, అది రిమూవర్‌తో తీస్తేనే పాలిష్ పట్టుద్ది, లేకపోతే రోజంతా రుద్దినా పసుపు మచ్చలు అలాగే ఉంటాయి.

బిగించాక మొదటిసారి ఇంటి చుట్టుపక్కలే తిప్పండి, జేబులో రెండు పానాలు పెట్టుకుని. ప్రతి ముఖ్యమైన నట్టు బిగించాక దానిమీద పెయింట్ పెన్నుతో నట్టు నుంచి బోల్టు దాకా ఒక గీత గీయండి, గీత విరిగినట్టు కనపడితే నట్టు కదిలినట్టే, పానా పెట్టి వెతుక్కోనక్కర్లేదు. ఇంజన్ రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక మాన్యువల్ ప్రకారం హెడ్ నట్లు, సైలెన్సర్ బోల్టులు చూడండి, స్పోక్స్ ఒక్కోటీ పానాతో తట్టి చప్పుడు తేడాగా వచ్చినవి బిగించండి, చైన్ మళ్ళీ సర్దండి. కొత్త రింగులు వేసి ఉంటే మొదటి ఆయిల్ తొందరగా మార్చెయ్యండి, తీసిన ఆయిల్లో అయస్కాంతం ముంచి చూడండి. బూడిద లాంటి మెత్తటి పొడి అంటితే మామూలే, చిన్న ముక్కలు అంటితే బండి అక్కడే ఆపి కవర్లు విప్పండి.